డీఎస్సీకి పదిసార్లు చదవడమా, పుస్తకం మూసి రాసుకోవడమా?

సిక్కోలు కుర్రోడు:
మా రూంలో రోజూ ఇదే గొడవండి. నేను సైకాలజీ బుక్ చాలాసార్లు తిరగేశాను, అండర్‌లైన్లు కొట్టడానికి ఇంక లైన్లు లేవు, పేజీ తీస్తే అన్నీ తెలిసినట్టే ఉంటాది. మా ఫ్రెండేమో ఒకసారి చదివి మూసేసి, గుర్తొచ్చింది తెల్లకాగితం మీద రాస్తాడు, సగం తప్పులే. టైం వేస్ట్ కాదా అది?

విజయనగరం మాస్టారు:
పేజీ చూసి తెలిసినట్టుండడం వేరు, హాల్లో గుర్తురావడం వేరు బావు. 2006లో అమెరికాలో రోడిగర్, కార్పికే అనేవాళ్ళు కాలేజీ పిల్లల మీద ఇదే చేసి చూశారు. ఒక గుంపు నాలుగు విడతలూ పాఠం చదివింది, ఇంకో గుంపు ఒక విడత చదివి మూడు విడతలు చూడకుండా రాసింది. అయిదు నిమిషాల తర్వాత చదివినోళ్ళకి 83 శాతం గుర్తుంది, రాసినోళ్ళకి 71. వారం పోయాక తిరగబడింది, చదివినోళ్ళు 40కి పడిపోయారు, రాసినోళ్ళకి 61. తమాషా ఏటంటే, వారం తర్వాత ఎంత గుర్తుంటాదని ముందే అడిగితే ఎక్కువ ధీమాగా ఉన్నది చదివినోళ్ళే. నీ అండర్‌లైన్ల సంగతీ అదే.

బొబ్బిలి టీచరమ్మ:
మాస్టారూ, వాళ్ళు చదివింది చిన్న పాఠం, డీఎస్సీ సిలబస్ ఎంతుందో మీకు తెలీదా? అర్థం కానోడు పుస్తకం మూసి ఏటి రాస్తాడు? మా క్లాసులో వెనకబడిన గుంటల ముందు ఖాళీ కాగితం పెడితే పెన్ను పట్టుకోడానికే భయపడతారు.

విజయనగరం మాస్టారు:
ముందు అర్థం కావాలి, అక్కడ పేచీ లేదమ్మా. కానీ మనకి ఎక్కాలెలా వచ్చాయి? చూడకుండా అప్పజెప్పేవాళ్ళం, తడబడితే పంతులుగారు అక్కడికక్కడే దిద్దేవారు. బట్టీ బట్టీ అని తిడతాం గానీ అందులో పనిచేసింది ఆ అప్పజెప్పడమే అని నా నమ్మకం. పిల్లలకి కాగితం వద్దు, నోటితో రెండు ప్రశ్నలడగండి చాలు.

రాజాం కానిస్టేబుల్ బ్యాచ్:
ఎలా చదివినా ఫోన్ పక్క గదిలో పెట్టి చదవండి బ్రదర్స్, లేకపోతే రెండూ దండగే.

సిక్కోలు కుర్రోడు:
అంటే ఎగ్జామ్ ఎల్లుండే ఉంటే నాదే గెలుపు కదా మాస్టారూ, 83 అని మీరే అన్నారు.

విజయనగరం మాస్టారు:
అది అయిదు నిమిషాల లెక్క నాయనా. రెండ్రోజుల తర్వాత ఎలా ఉంటాదో వాళ్ళదే ఇంకో ప్రయోగంలో చూశారు, అప్పటికే రాసినోళ్ళు పైకొచ్చేశారు. నీ పద్ధతి హాలు గేటు దగ్గర నిలబడి తిరగేసేదానికి పనికొస్తాది.