ఎనోలా గే బోర్డు మీద హిరోషిమా మృతుల లెక్క రాయాలా, వద్దా?

గుంటూరు_టు_హెర్న్‌డన్

పోయిన శనివారం అమ్మానాన్నలను డల్లెస్ ఎయిర్‌పోర్ట్ పక్కనున్న ఉడ్వర్ హేజీ సెంటర్ అనే విమానాల మ్యూజియానికి తీసుకెళ్లాను. వాషింగ్టన్ చుట్టుపక్కల ఉండే మనవాళ్లకు తెలిసిందే, ఇండియా నుంచి ఎవరొచ్చినా ఒక రోజు అక్కడే గడిచిపోతుంది. టికెట్ లేదు, పార్కింగ్‌కి మాత్రం డబ్బు కట్టాలి. సునీతా విలియమ్స్ 2006లో మొదటిసారి అంతరిక్షానికి వెళ్లింది ఈ డిస్కవరీ షటిల్‌లోనే అని చెబితే నాన్న పది నిమిషాలు అక్కడి నుంచి కదల్లేదు.

ఎనోలా గే అనే బాంబర్ విమానం దగ్గరకు వచ్చేసరికి అమ్మ ఆగింది. పై నడవా మీద నిలబడితే దాని అద్దాల ముక్కు మన కళ్లకు ఎదురుగానే ఉంటుంది. "ఏం రాశారో చదివి చెప్పరా" అంది. అమ్మకు ఇంగ్లిష్ రాదు. బోర్డు చదువుతూ తెలుగులో చెప్పాను. రెండో ప్రపంచ యుద్ధంలో ప్రొపెల్లర్ బాంబర్లన్నిటిలోకీ ఆధునికమైనది ఈ బీ-29 రకమేనట, సిబ్బంది ఉండే గదుల్లో గాలి ఒత్తిడి పడిపోకుండా కట్టిన మొదటి బాంబర్ అట. 1945 ఆగస్టు 6న హిరోషిమా మీద అణుబాంబు వేసింది ఈ విమానమే, మూడు రోజులకు నాగసాకి మీద వేసింది బాక్స్‌కార్ అనే ఇంకోటి.

"మరి ఎంతమంది పోయారో రాయలేదా?" అంది అమ్మ.

పైనుంచి కింది దాకా మళ్లీ చదివాను. రెక్కల పొడవుంది, బరువుంది, ఇంజిన్ల పేరుంది. మనుషుల లెక్క లేదు.

1945 ఆఖరుకు సుమారు 1,40,000 మంది చనిపోయారన్నది హిరోషిమా నగరం చెప్పే అంచనా. ఆ ఒక్క వాక్యం బోర్డు మీద ఉండాలని నేనంటాను. మీరేమంటారు?

రివెట్_మాస్టారు

వద్దండీ. విమానాల మెయింటెనెన్స్‌లో ఇరవై ఏళ్లుగా ఉన్నాను, నా మాట కాస్త వినండి. అక్కడ ఏ విమానం బోర్డు చూసినా పద్ధతి ఒకటే: ఏ రకం, ఏం చేసింది, కొలతలు. దీనికీ అదే పద్ధతి పాటించామని మ్యూజియం మొదటినుంచీ చెబుతోంది. ఈ ఒక్కదానికి మృతుల లెక్క రాస్తే అక్కడే ఉన్న జపాన్‌వాళ్ల ఓకా సంగతేంటి? మనిషిని లోపల కూర్చోబెట్టి ఓడ మీదికి వదలడానికే చేసిన విమానం అది. దానికీ రాయాలి కదా? ఎక్కడ ఆపుతాం?

ఇంకో మాట. ఈ విమానం 1953 నుంచి 1960 దాకా ఆండ్రూస్ వైమానిక స్థావరంలో ఆరుబయట ఎండకూ వానకూ పడి ఉంది. లోపల పక్షులు చేరాయి, దూరినవాళ్లు చేతికందిన సామాను పట్టుకుపోయారు. 1984లో మరమ్మతు మొదలుపెట్టి దాదాపు 3,00,000 పనిగంటలు పెట్టారు. ఈసారి వెళ్లినప్పుడు ఆ అల్యూమినియం రేకు మెరుపు దగ్గరగా చూడండి. దాని వెనక ఉన్న ఓపిక నాకు తెలుసు. ఆ పనిని తీర్పు చెప్పే బోర్డుతో కప్పేయడం నాకు ఇష్టం లేదు.

విశాఖ_సముద్రం

మాది వైజాగ్. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు మా ఊరి మీదా, అదే రోజు కాకినాడ మీదా బాంబులు వేశాయి. అప్పటికి మా తాతయ్య పోర్టులో కలాసీ. వాళ్లమ్మ పొయ్యి మీద అన్నం అలాగే వదిలేసి పిల్లల్ని తీసుకుని ఆనందపురం వైపు నడిచిందట. నాలుగు రోజుల తర్వాత తిరిగొస్తే కుండలో అన్నం బూజు పట్టి ఉందట. బాంబుల గురించి తాతయ్య ఎప్పుడు చెప్పినా ఆ కుండ దగ్గరే మొదలుపెట్టేవాడు.

అందుకే జపాన్‌ను అమాయకురాలిలా చూపిస్తే నాకు మింగుడుపడదు. చైనాలో నాంజింగ్ ఊచకోత ఉంది, మన ఇంఫాల్ మీద దాడి ఉంది. కానీ హిరోషిమాలో ఆ ఉదయం పొయ్యి మీద అన్నం పెట్టిన తల్లులకు తిరిగి రావడానికి ఇల్లే మిగల్లేదు. లెక్క రాయండి. రాస్తే యుద్ధం అక్కడిదాకా ఎలా వచ్చిందో కూడా రాయండి. ఒక్క అంకె రాసి వదిలేస్తే అదీ సగం మాటే.

పాత_పేపర్ల_పిచ్చి

అలా మొత్తం కథ చెప్పాలనే కదండీ 1995లో ప్రయత్నించారు! యుద్ధం ముగిసి యాభై ఏళ్లయిన సందర్భంగా ఈ మ్యూజియం నడిపే స్మిత్‌సోనియన్ సంస్థ ఈ విమానంతో పెద్ద ప్రదర్శన తలపెట్టింది. అమెరికన్ లీజన్ అనే మాజీ సైనికుల సంఘం, ఎయిర్ ఫోర్స్ అసోసియేషన్ మండిపడ్డాయి. చివరి గొడవ అంకె మీదే. బాంబు వేయకుండా జపాన్ మీదికి సైన్యాన్ని దింపి ఉంటే అమెరికన్లకు ఎంత నష్టం జరిగేదన్న అంచనాను తగ్గించి రాయబోయారు, దాంతో జనవరిలో ప్రదర్శన రద్దయింది. మేలో మ్యూజియం డైరెక్టర్ మార్టిన్ హార్విట్ రాజీనామా చేశారు. 2003లో ఇప్పుడున్న చోట పెట్టినప్పుడు హిరోషిమా బాంబు నుంచి బతికి బయటపడినవాళ్లు వచ్చి నిరసన తెలిపారు. ఎవరో ఎర్ర రంగు సీసా విసిరితే రేకు సొట్టపడింది.

అంటే అంకె లేకపోవడం మరుపు కాదు. తెలిసే వదిలేశారని నా అభిప్రాయం. ఇంకోటి, బోర్డులో మీరు చెప్పని వాక్యం ఒకటుంది: ఆగస్టు 9న కూడా ఎనోలా గే ఎగిరింది, వాతావరణం చూసి రావడానికి.

గుంటూరు_టు_హెర్న్‌డన్

అవును, అది అమ్మకు చెప్పడం మర్చిపోయాను.

రివెట్ మాస్టారూ, మీ బాధ నాకు అర్థమైంది. పనివాళ్ల చెమట మీద నాకూ గౌరవం ఉంది. కానీ "ఏం చేసింది" అన్నది కూడా పద్ధతిలో భాగమే అని మీరే రాశారు. హిరోషిమా మీద బాంబు వేసింది అని బోర్డు చెబుతోంది కదా. ఆ వాక్యం సగంలో ఆగిపోయింది. బరువు కిలోల్లో రాసినవాళ్లకు అది పూర్తిచేయడం కష్టమా? అది తీర్పు కాదండీ, జరిగినది. గాలి ఒత్తిడి గదుల కోసం ఎవరూ ఆ విమానం ముందు ఆగరు.

రివెట్_మాస్టారు

వాలంటీర్ గైడ్లు ఉచితంగా తిప్పి చూపిస్తారు, అడిగితే వాళ్లే చెబుతారు. బోర్డు బోర్డులాగే ఉండాలన్న నా మాట మార్చుకోను. అయితే విశాఖ గారి కుండ సంగతి మాత్రం రాత్రంతా బుర్రలో తిరుగుతూనే ఉంది.

గుంటూరు_టు_హెర్న్‌డన్

అడగడానికి అమ్మకు భాష లేదు మాస్టారూ. పక్కన నేనున్నాను కాబట్టి ఫోన్‌లో వెతికి చెప్పాను. విని, రెయిలింగ్ మీదున్న చెయ్యి తీసేసి, చీర కొంగు భుజాల నిండా కప్పుకుంది. తర్వాత ఏ విమానం దగ్గరా ఆగలేదు.

నిన్న రాత్రి మ్యూజియానికి ఈమెయిల్ పంపాను. నాలుగు వాక్యాలే. అంకె అడిగాను, విశాఖ గారు చెప్పినట్టు యుద్ధం ఎలా వచ్చిందో కూడా ఒక వాక్యం అడిగాను.

విశాఖ_సముద్రం

ఆ నాలుగు వాక్యాలూ ఇక్కడ పెట్టండి. మా ఊరి తేదీ కలిపి నేనూ పంపుతాను.