రోడ్ బైక్ వెనక బ్రేక్ అడ్జస్టర్ బిగుసుకుపోయింది, ఎలా తిప్పాలి?

వైజాగ్ బీచ్ రోడ్డులో రోజూ తొక్కే సైకిల్, ఉప్పుగాలికి కాబోలు, వెనక కాలిపర్ (రిమ్ముని రెండు వైపులా నొక్కే బ్రేక్ భాగం) మీద కేబుల్ దిగే చోట, కేబుల్ బిగువు సరిచేయడానికి ఉండే చిన్న గుండ్రటి అడ్జస్టర్ అస్సలు తిరగట్లేదు. మర చుట్టూ సున్నంలా తెల్లటి పొడి కట్టింది. డబ్ల్యూడీ-40 (బిగుసుకున్నవి వదులు చేసే స్ప్రే) కొట్టి రాత్రంతా వదిలేశా, 5 ఎం.ఎం. అలెన్ కీతో బోల్టు వదులు చేసి కేబుల్ టెన్షన్ కూడా తీసేశా, గుడ్డ చుట్టి ప్లయర్‌తో పట్టి తిప్పితే పైన గాట్లు అరిగిపోతున్నాయి తప్ప అది కదిలితే ఒట్టు. కేబుల్ చేత్తో లాగి బిగిస్తున్నా కానీ కుదరట్లేదు, ఒకసారి ప్యాడ్ రిమ్ముకి రాసుకుంటుంది, ఇంకోసారి లివర్ హ్యాండిల్ దాకా వచ్చేస్తుంది. కేబుల్ పూర్తిగా తీసేసి వేడినీళ్లు పోస్తే వదులుతుందా? షాపతనేమో కాలిపరే మార్చేయమంటున్నాడు (అంటాడు మరి!). అడ్జస్టర్ ఒక్కటే విడిగా దొరుకుతుందా? ఎవరైనా చేసినవాళ్లుంటే చెప్పండి, ఆదివారం రైడ్ ఉంది.