తాతగారి పేరున ఉన్న ఇల్లు అద్దెకిస్తే సంతకం ఎవరు పెట్టాలి?

పాలకొల్లు దగ్గర మా తాతగారి మండువా లోగిలి ఖాళీగా ఉంది. మేమంతా హైదరాబాద్‌లో అద్దె ఫ్లాట్లలో ఉంటున్నాం (సొంతిల్లుండీ అద్దె కట్టే రోజులు!). నాన్నగారి రోజుల్లో అద్దెకివ్వడమంటే నోటిమాటే. ఇప్పుడు రొయ్యల చెరువులు చూసుకునే ఒకాయన అడుగుతున్నారు. లీజు 11 నెలలకే రాసుకుందామంటున్నారు. మా బావగారేమో 12 ఏళ్లుంటే ఇల్లు వాళ్లదైపోతుందని టెన్షన్ పెడుతున్నారు. అద్దె కడుతూ ఉన్నంత మాత్రాన అలా హక్కు రాదు, ఆ భయం నాకు లేదు.

అసలు చిక్కు వేరు. ఇల్లు ఇంకా తాతగారి పేరునే ఉంది, వారసులం ఐదుగురం, ఒకరు అమెరికాలో. అందరూ సంతకం పెట్టాలా, ఒకరికి పవర్ ఆఫ్ అటార్నీ ఇస్తే చాలా? పైగా పెంకులు తనే మార్పించి, ఆ ఖర్చు అద్దెలో తగ్గించుకుంటారట. అది కాగితంలో ఎలా రాయించాలి? ఇలా ఇచ్చినవాళ్లుంటే చెప్పండి.