సెంటార్ ప్రసవం గురించి ఆటగాళ్ళు అడుగుతున్నారు, ఏం చెప్పాలి?

రాత్రి డీఎం:
నమస్కారం. డంజియన్స్ అండ్ డ్రాగన్స్ అనే పాత్రలు ధరించి ఆడే ఆటలో నేను డీఎంని, అంటే కథ నడిపేవాణ్ణి. మధ్యాహ్నం నుంచి నియమాల పుస్తకాలు తిరగేస్తున్నాను, పనికొచ్చే వాక్యం ఒక్కటీ దొరకలేదు. గత సెషన్ చివర మా ఆటగాళ్ళు అడవిలో నిండు చూలాలైన ఒక సెంటార్ (నడుము పైన మనిషి, కింద గుర్రం) స్త్రీని కాపాడారు. రేపటి ఆట ఆమె నొప్పులతోనే మొదలవుతుంది. క్లెరిక్‌గా, అంటే దైవబలంతో గాయాలు మాన్పే పాత్రగా, ఆడే మిత్రుడు అప్పుడే ప్రశ్నలు పంపాడు. ఎన్నో నెల, బిడ్డ ఎటునుంచి వస్తుంది, పాలు ఎక్కడినుంచి ఇస్తుంది అని అడుగుతున్నాడు. అసభ్యం కాకుండా, అలాగని అంతా మంత్రమేనని తోసిపుచ్చకుండా ఎలా చెప్పాలో దయచేసి తెలుపగలరు.

ఇరవై ముఖాలు:
ఆట నియమాల్లో ఏ కూర్పు? మెడిసిన్ చెక్, అంటే వైద్య నైపుణ్యానికి పాచిక, వేయించండి, గెలిస్తే తల్లీబిడ్డా క్షేమమని చెప్పండి.

కణశాస్త్రి:
పాచిక వేసేముందు అసలు ఆమెకు చూలు నిలవడం సాధ్యమేనా అన్నది తేల్చుకోవాలి. గుర్రానికి 64 క్రోమోజోములు, గాడిదకు 62, వాటికి పుట్టే కంచరగాడిదకు 63 ఉంటాయి. ఆ బేసి సంఖ్య జతపడక కంచరగాడిద దాదాపు ఎప్పుడూ గొడ్డుగానే మిగిలిపోతుంది. మనిషికి ఉన్నవి 46. ఇంత దగ్గరి జంతువుల సంకరమే గొడ్డుపోతున్నప్పుడు సెంటార్ మాట చెప్పనక్కరలేదు. పైగా రెండు ఛాతీలున్న ఒంట్లో ఊపిరితిత్తులు ఎన్ని, మనిషి పళ్ళతో గుర్రపు కడుపు నింపడం ఎలా అన్నవి ప్రసవం కంటే పెద్ద ప్రశ్నలు.

పాత బొమ్మలు:
కణశాస్త్రి గారూ, సంకరం అనే మాట ఇక్కడ చెల్లదు. ఈయన అడుగుతున్నది తమలో తాము పెళ్ళిళ్ళు చేసుకుని పిల్లల్ని కనే ఒక జాతి గురించి.

కణశాస్త్రి:
గ్రీకుల కథే సంకరమని చెబుతోంది గదా. ఇక్సియోన్ అనే రాజుకు మేఘకన్య వల్ల పుట్టిన కెంటారోస్ మగ్నీషియా ప్రాంతపు ఆడగుర్రాలతో కలిసినందువల్లనే ఈ సంతతి పుట్టింది.

పాత బొమ్మలు:
అది మొదటి తరం మాట. తరువాత వారిలో ఆడవారూ, పిల్లలూ ఉన్నారు. డీఎం గారి మూడో ప్రశ్నకు గ్రీకు చిత్రకారుడు జ్యూక్సిస్ ఎప్పుడో జవాబు చెప్పాడు. కవల పిల్లలకు పాలిస్తున్న సెంటార్ తల్లిని ఆయన చిత్రించాడు. ఒక బిడ్డను చేతుల్లోకి తీసుకుని మనిషి రొమ్ము అందిస్తుంది, రెండో బిడ్డ గుర్రప్పిల్లలా పొదుగు దగ్గర తాగుతుంటుంది. అసలు చిత్రాన్ని రోమన్ సేనాని సుల్లా రోముకు పంపుతుండగా ఓడతో సహా సముద్రం పాలైందని, ఏథెన్స్‌లో దాని నకలు చూశానని ప్రాచీన రచయిత లూసియన్ వివరంగా రాశాడు. అందులో వెకిలితనం లేశమైనా లేదు, ఉన్నదంతా తల్లితనమే. మీ బల్ల దగ్గర కూడా అదే చెప్పండి.

గుర్రాలశాల:
మిగిలిన రెండు ప్రశ్నలకు ఆడగుర్రాన్ని చూసి చెప్పవచ్చు. చూలు సుమారు పదకొండు నెలలు. ఈనడం ఎక్కువగా రాత్రిపూట, చుట్టూ అలికిడి లేనప్పుడు జరుగుతుంది. ఉమ్మనీరు పోయాక సాధారణంగా అరగంటలోపే పిల్ల బయటపడుతుంది. మొదట ఒకదానికంటే ఒకటి కాస్త ముందుగా రెండు ముందుకాళ్ళు, వాటిమీద ఆనుకుని ముక్కు కనిపిస్తాయి. డెక్కల చివర తల్లి గర్భం చీరుకుపోకుండా మెత్తటి రబ్బరు వేళ్ళలాంటి పొర ఉంటుంది, నేలమీద నడవగానే అది రాలిపోతుంది. సెంటార్ బిడ్డయితే ముందుకాళ్ళ వెంట చేతులు, వాటి మధ్య తల రావాలి, భుజాల దగ్గర పట్టేస్తుంది. మీ క్లెరిక్‌కు పని అక్కడే. మెత్తటి డెక్కలు అతని అరచేతికి తగిలాయని చెప్పి చూడండి, నవ్వు దానంతట అదే ఆగిపోతుంది. ఇంతకీ బల్ల దగ్గర ఎవరెవరు ఉంటారు?

రాత్రి డీఎం:
ఐదవ కూర్పే. నలుగురం పెద్దవాళ్ళం, ఒక మిత్రుడి కూతురు కూడా ఆడుతుంది, ఏడో తరగతి.

గుర్రాలశాల:
ఆ సంగతి అన్నిటికంటే ముందు చెప్పవలసింది. అయితే ఆట మొదలుకాకముందే గీతలు, తెరలు నిర్ణయించుకోండి. గీత అవతల పెట్టిన విషయమేదీ బల్లమీదకు రాకూడదు, తెర వెనుక జరిగేది జరిగిందని తెలుస్తుంది గాని వర్ణన ఉండదు. ఆ పాప, తండ్రి ఇద్దరినీ విడివిడిగా అడగండి. ప్రసవం చూపవచ్చునంటే పాత్ర చేతికి, కంటికి అందినంతే చెప్పండి. గర్భం ఎలా వచ్చిందన్న ప్రశ్న ఎవరు వేసినా అది తెర వెనుకది, అక్కడితో ఆపేయాలి.

ఇరవై ముఖాలు:
2014 మాన్‌స్టర్ మాన్యువల్‌లో (ఆటలోని ప్రాణుల పుస్తకం) సెంటార్ మాన్‌స్ట్రాసిటీ అనే వర్గం, 2025 దాంట్లో ఫే అనే వర్గం. గాయాలు మాన్పే మంత్రం క్యూర్ వూండ్స్ ఆ రెండు వర్గాలకూ పనిచేస్తుంది.

కణశాస్త్రి:
కడుపు విషయం ఎవరూ తేల్చలేదు. పాలివ్వాలంటే ఆ తల్లి రోజుకు ఎంత మేయాలో లెక్క వేయకుండా అడవిలో ఆమెను ఎలా బతికిస్తారు?

రాత్రి డీఎం:
పాపతో, వాళ్ళ నాన్నతో మాట్లాడాను. ప్రసవం ఉంటుంది, భుజాల దగ్గర పట్టేయడం ఉంటుంది, జ్యూక్సిస్ కవలలను కూడా తీసుకుంటున్నాను. అందరికీ ధన్యవాదాలు.

కణశాస్త్రి:
కవలలైతే మేత ఇంకా ఎక్కువ కావాలి.