డాక్టర్ మందు రాయలేదు, సూట్‌కేసులో సిరప్ ఉంది. వేస్తారా, ఆగుతారా?

బెర్లిన్_అమ్మ:
జర్మనీలో చిన్నపిల్లలతో ఉంటున్నవాళ్లందరినీ అడుగుతున్నాను. మా పాపకు పదహారు నెలలు, 11 కిలోలు. పోయిన వారం రెండు రోజులు 39.2 డిగ్రీల (సెల్సియస్) జ్వరం, ముక్కు కారడం, రాత్రంతా దగ్గు. పిల్లల డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాం. ఆవిడ చెవుల్లోకి చూశారు, ఛాతీ, వీపు విన్నారు, పొట్ట నొక్కారు. తర్వాత మూడు ప్రశ్నలు. తాగుతోందా? డైపర్ తడుస్తోందా? మధ్యలో కాసేపైనా ఆడుతోందా? మూడింటికీ అవునన్నాం. "వైరస్ జలుబు. బాగా తాగించండి. పాప బాధపడుతుంటేనే జ్వరం మందు వేయండి. తగ్గకపోతే ఎల్లుండి రండి" అన్నారు. ఇంకేమీ రాయలేదు.

అప్పటికి వారం కిందటే మా అమ్మ వచ్చింది. ఆవిడ పెట్టెలో ఐదు సీసాలున్నాయి. జ్వరానికొకటి, జలుబుకొకటి, దగ్గుకు రెండు, ఇంకోటి దేనికో నాకు ఇప్పటికీ తెలీదు. ఆ రాత్రి ఎనిమిదింటికి నేను స్నానానికి వెళ్లినప్పుడు అమ్మ ఒక సీసాలోంచి 5 మి.లీ. పోసింది. నాకు చెప్పలేదు. పదిన్నరకి పాప ఒళ్లు కాలిపోతోందని నేను 125 మి.గ్రా. పారాసెటమాల్ త్సెప్ఫ్‌షెన్ పెట్టాను, అదే, మలద్వారంలో పెట్టే మందు. రాత్రి రెండింటికి వంటగట్టు మీద మూత సరిగ్గా పెట్టని సీసా కనిపించింది. ఫోన్ లైట్ వేసి చదివితే, 5 మి.లీ.కి ఐబుప్రొఫెన్ 100 మి.గ్రా., పారాసెటమాల్ 162.5 మి.గ్రా., రెండు జ్వరం మందులూ ఒకే సీసాలో. చేతులు చల్లబడిపోయాయి.

విషప్రమాదాల సలహా కేంద్రానికి ఫోన్ చేశాను. ఫోనెత్తినావిడ అడిగినవి మూడే: బరువెంత, ఎన్ని మి.గ్రా., ఎన్ని గంటలకి. లెక్కేసి, ప్రమాదమేమీ లేదు, తెల్లారేదాకా ఇంకేమీ వేయొద్దు అన్నారు. అప్పటికి గానీ నాకు ఊపిరి ఆడలేదు.

పొద్దున అమ్మతో గొడవ. "పిల్ల సలసలా కాగిపోతుంటే టీ తాగించమని పంపేస్తారా, ఇదేం వైద్యం?" అంటుంది. ఇకమీదట ఆ సీసాల జోలికి వెళ్లకూడదని నేను తీర్మానించుకున్నాను. కానీ ఒకటి తెలుసుకోవాలని ఉంది. ఇక్కడివాళ్లు ఆగుదామనేది వైద్యశాస్త్రం చెప్పిందా, లేక వాళ్ల అలవాటా?

మందులషాపు_అక్క:
నేను ఇక్కడ అపోటెకెలో, అంటే మందుల షాపులో పనిచేస్తాను. మీ కథలాంటిది నెలకొకటి వింటాను, మీరు సిగ్గుపడాల్సిందేమీ లేదు.

ముందు దగ్గు, జలుబు సీసాల సంగతి. ఇది జర్మనీ మొండితనం కాదండీ. అమెరికా మందుల నియంత్రణ సంస్థ 2008లోనే రెండేళ్లలోపు పిల్లలకు ఇవి వద్దంది. బ్రిటన్ 2009లో ఆరేళ్లలోపు వద్దంది. మన దేశంలోనూ క్లోర్‌ఫెనిరమైన్, ఫినైలెఫ్రిన్ కలిసిన జలుబు చుక్కల మందు నాలుగేళ్లలోపు వాడొద్దని 2023 డిసెంబరులో ఆదేశం వచ్చింది. 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో డైఇథిలీన్ గ్లైకాల్ అనే విష రసాయనం కలిసిన దగ్గు సిరప్ తాగి పిల్లలు కిడ్నీలు పాడై చనిపోయాక, రెండేళ్లలోపు పిల్లలకు దగ్గు, జలుబు మందులు రాయొద్దని కేంద్ర ఆరోగ్య శాఖే మళ్లీ చెప్పింది. అంటే ఈ విషయంలో మీ డాక్టర్ చెప్పిందీ, ఇప్పుడు ఢిల్లీ చెప్తున్నదీ ఒకటే. ఆ మందులు చిన్నపిల్లల జలుబును ఒక రోజు కూడా ముందు తగ్గించవు. పిల్ల మత్తుగా పడుకుంటుంది, మనకు నయమైనట్టు కనిపిస్తుంది.

ఇక జ్వరం మందు. అసలు ప్రమాదం మి.లీ.లో ఉంది. మన దగ్గర పారాసెటమాల్ సిరప్ 5 మి.లీ.కి 125 మి.గ్రా. ఉన్నదీ దొరుకుతుంది, 250 ఉన్నదీ దొరుకుతుంది. చుక్కల మందైతే ఒక్క మి.లీ.లోనే 100. ఇక్కడ ఐబుప్రొఫెన్ 2 శాతం, 4 శాతం అని రెండు రకాలు. 2 శాతం సీసాలో 5 మి.లీ.కి 100 మి.గ్రా. ఉంటే, 4 శాతంలో 200. డబ్బాలు చూడ్డానికి అక్కచెల్లెళ్లలా ఉంటాయి. "ఎప్పుడూ 5 మి.లీ.యే వేస్తాం" అనే మాట వింటే నాకు గుండె దడ. పారాసెటమాల్ కిలోకి 10 నుంచి 15 మి.గ్రా., ఐబుప్రొఫెన్ 5 నుంచి 10. మీ పాప 11 కిలోలు కాబట్టి 125 సరిపోయింది. డోసు చూసేది బరువును బట్టి, వయసును బట్టి కాదు. స్పూను వద్దు, సీసాతో వచ్చే సిరంజి వాడండి, అదీ ఆ సీసాదే.

ఇద్దరుబాబుల_నాన్న:
అందరూ ఆగడాన్ని మెచ్చుకుంటున్నారు కాబట్టి రెండో వైపు నేను చెప్తాను.

మా పెద్దోడికి మూడేళ్లప్పుడు జ్వరం. రెండో రోజు డాక్టర్ దగ్గరికెళ్తే అబ్‌వార్టెన్, అంటే వేచి చూద్దాం అన్నారు. నాలుగో రోజు మళ్లీ వెళ్లాం. ముందు కూర్చున్న అమ్మాయి కార్డు చూసి, "మొన్ననే వచ్చారుగా" అంది. లోపల మళ్లీ అదే మాట. ఐదో రాత్రి వాడు ఊపిరి పీల్చినప్పుడల్లా పక్కటెముకల కింద చర్మం లోపలికి పోతోంది. అది చెడు గుర్తని నాకు తెలీదు. వీడియో చూసిన మా వదిన, ఆవిడ నర్సు, "వెంటనే 112కి చెయ్యి" అని అరిచింది, అది ఇక్కడి ఎమర్జెన్సీ నంబరు. న్యుమోనియా. నాలుగు రోజులు ఆసుపత్రిలో ఉన్నాం. యాంటీబయాటిక్ ఎక్కాక రెండో రోజుకే లేచి కూర్చున్నాడు.

సీసాలు తెచ్చుకోమని నేను అనడం లేదు. ఆగమని చెప్పేవాళ్లు, ఏం కనిపిస్తే ఆగకూడదో కూడా కూర్చోబెట్టి చెప్పాలి. ఇక్కడ పుట్టి పెరిగినవాళ్లకు అవి వాళ్ల అమ్మలు చెప్పి ఉంటారు. మనకెవరు చెప్పారు? భాష సగం వచ్చినవాడికి "తగ్గకపోతే రండి" అంటే ఏం తగ్గకపోతే?

కీటా_పరుగులు:
మందు వెంటనే కావాలనిపించేది పిల్ల కోసమేనా అని నన్ను నేను చాలాసార్లు అడిగాను. సోమవారం మీటింగ్ ఉంటుంది, డేకేర్ వాళ్లు జ్వరం పోయి ఒక రోజు గడిస్తేగానీ రానివ్వరు. ఒకసారి పొద్దున్నే మందు వేసి పంపాను కూడా. పదకొండింటికల్లా ఫోన్ వచ్చింది, బాబు ముఖం ఎర్రబడి మూలన పడుకున్నాడు. ఇంకెప్పుడూ ఆ పని చేయలేదు. ప్రభుత్వ ఆరోగ్య బీమా ఉంటే 2024 నుంచి ఒక్కో బిడ్డకు ఏడాదికి తల్లికి 15 రోజులు, తండ్రికి 15 రోజులు సెలవు భత్యం వస్తుంది. మా ఆయనకు రెండేళ్లపాటు ఈ సంగతే తెలీదు. వాడుకోండి. జలుబు తనంతట తాను తగ్గేదాకా ఇంట్లో ఉండే వీలుంటేనే "చూద్దాం" అనే మాట చెల్లుతుంది.

అమ్మమ్మ_మ్యూనిక్:
అమ్మాయ్, మీ అమ్మ తరఫున నాలుగు మాటలు చెప్పనీ. మీ వయసువాళ్లు తిట్టేటప్పుడు ఒకటి మర్చిపోతారు. మా కాలంలో రాత్రి జ్వరమొస్తే డాక్టరు తెల్లారేదాకా దొరకడు. ఫిట్స్ వచ్చి చేతుల్లోనే పోయిన పిల్లల్ని చూశాం. ఒళ్లు వేడెక్కిందంటే మందు పడాల్సిందే అన్న భయం అక్కడిది. మీ అమ్మ చెప్పకుండా వేయడం తప్పే. కానీ ఆవిడ సీసాలు మోసుకొచ్చింది ప్రేమతో, తెలివితక్కువతనంతో కాదు.

మా మనవడికి జ్వరమొచ్చినప్పుడు ఇక్కడి పక్కింటావిడ గోరువెచ్చటి నీళ్లలో తడిపిన గుడ్డ పిక్కలకు చుట్టడం చూపించింది. వాడెన్‌విక్కెల్ అంటారట. కాళ్లు చల్లగా ఉంటే చుట్టకూడదని రెండుసార్లు చెప్పింది. వాళ్ల అమ్మమ్మ నేర్పిందట. మేమిద్దరం ఒకరి మాట ఒకరికి రాకుండానే వాడి కాళ్ల దగ్గర గంటసేపు కూర్చున్నాం.

మందులషాపు_అక్క:
పెద్దమ్మగారూ, ఫిట్స్ భయం గురించి ఒక్కటి చెప్తాను. ఆరు నెలల నుంచి ఐదేళ్లలోపు వందమందిలో ఇద్దరు నుంచి ఐదుగురికి జ్వరంలో ఫిట్స్ వస్తాయి. చూడ్డానికి ప్రాణం పోయినట్టుంటుంది, నిజమే. కానీ చాలావరకు కొద్ది నిమిషాల్లో ఆగిపోతాయి, మెదడుకు హాని చేయవు. జ్వరం మందు ముందే వేసినా అవి రాకుండా ఆగవని తేలింది. మీరు చూసిన పిల్లలకు బహుశా జ్వరం వెనుక మెదడువాపులాంటి పెద్ద జబ్బు ఉండి ఉంటుంది. అందుకే ఇక్కడి డాక్టర్లు థర్మామీటర్ కంటే పిల్ల ఎలా ఉందన్నదే ఎక్కువ అడుగుతారు. మందు వేసేది బాధ తగ్గడానికి, అంకె తగ్గడానికి కాదు.

పన్నెండేళ్లుగా_ఇక్కడే:
అలవాటా, శాస్త్రమా అని అడిగారు కదా, రెండూ ఉన్నాయి. ఇక్కడి వైద్యమంతా లెక్క ప్రకారమే నడుస్తుందని మాత్రం అనుకోకండి. నోవాల్జిన్ అనే జ్వరం, నొప్పి మందు చుక్కలు ఇక్కడ పిల్లలకూ రాస్తారు. తెల్లరక్తకణాలు ప్రమాదకరంగా పడిపోవచ్చన్న కారణంతో ఆ మందును స్వీడన్ 1974లో, అమెరికా 1977లో ఆపేశాయి. ఒకే మందు, ఒకే రకం పిల్లలు, మూడు దేశాలు, రెండు నిర్ణయాలు. ఇంకోటి, నా స్నేహితురాలు పిల్లాడు కింద పడగానే గ్లోబులి అనే హోమియో పంచదార గుళికలు నాలుక మీద వేస్తుంది, వాటిని అమ్మేది కూడా అపోటెకెలోనే. ఏదో ఒకటి వేయాలన్న ఆరాటం తల్లులందరిదీ.

కాబట్టి "వాళ్లు చెప్పారు కాబట్టి ఒప్పు" అని అమ్మతో వాదించకండి, ఓడిపోతారు. ఈ మందు ఈ జబ్బుకు పనిచేస్తుందా, పాప బరువుకు సరిపోతుందా, ఆ రెండే మాట్లాడండి.

బెర్లిన్_అమ్మ:
అందరికీ థాంక్స్. అమ్మమ్మగారి పోస్టు అమ్మకు చదివి వినిపించాను. మొదట ఏమీ అనలేదు. తర్వాత తనే ఐదు సీసాలూ తెచ్చి బల్ల మీద పెట్టింది. ఇద్దరం కూర్చుని ఒక్కోటీ చదివాం. మూడింటి మీద చిన్న అక్షరాల్లో నాలుగేళ్లలోపు వాడొద్దని ఉంది. అమ్మ కళ్లజోడు తీసి, పెట్టుకుని, మళ్లీ చదివింది. ఆ మూడూ, ఏదో తెలియని సీసా, మొత్తం నాలుగు పక్కనపెట్టేశాం. ఫ్రిజ్ తలుపు మీద ఇప్పుడు ఒక కాగితం ఉంది. పైన పాప బరువు, కింద గడులు: ఏ మందు, ఎన్ని మి.గ్రా., ఎన్నింటికి, ఎవరు వేశారు. మొదటి గడి అమ్మే రాసింది, తెలుగులో.

ఇద్దరుబాబుల నాన్నగారు చెప్పింది మాత్రం నాకు ఇంకా నిద్రపట్టనివ్వడం లేదు. ఆగకూడని గుర్తులు ఎవరైనా రాసి పెడతారా?

మందులషాపు_అక్క:
మూడు నెలలు నిండని పసిపాపకు 38 వచ్చిందంటే ఆలోచించకుండా డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. రెండేళ్లలోపు పిల్లలకు జ్వరం ఒక రోజు దాటినా, పెద్దపిల్లలకు మూడు రోజులు దాటినా చూపించాలి. ఊపిరికి పక్కటెముకలు లోపలికి పోవడం, గాజుగ్లాసుతో నొక్కినా మాయం కాని మచ్చలు, మెడ బిగుసుకోవడం, లేపినా సరిగ్గా లేవకపోవడం, వీటిలో ఏదున్నా 112. తాగడం మానేసి డైపర్లు పొడిగా ఉంటే ఆ రోజే చూపించాలి. క్లినిక్ మూసేశాక 116117కి చేయండి, ఆ వేళల్లో డాక్టర్ కోసం పిలిచే నంబరు అది.

ఇద్దరుబాబుల_నాన్న:
ఇవి ఆ రోజు నా దగ్గర ఉంటే బాగుండేది. డాక్టర్ దగ్గర చెప్పడానికి నేను తర్వాత నేర్చుకున్న వాక్యాలు కూడా ఇస్తాను. పాపైతే "ఎర్" బదులు "జీ" అనండి.

ఎర్ ట్రింక్ట్ నిష్ట్. తాగడం లేదు.
ఎర్ ఆట్మెట్ ష్నెల్. ఊపిరి వేగంగా తీస్తున్నాడు.
ఎర్ ఇస్ట్ గాంజ్ ఆండర్స్ ఆల్స్ జోన్స్ట్. ఎప్పటిలా లేడు.

మూడోది చెప్పినప్పుడు డాక్టర్ పేపర్ పక్కన పెట్టి బాబు వైపు తిరుగుతారు. మొన్న మా చిన్నోడి విషయంలో అలాగే జరిగింది.