కొత్త ప్రిజర్వేటివ్‌లకి టెస్టింగ్ ల్యాబ్‌లోనా, మన మొహాల మీదా?

కలువరేకు: పారాబెన్ (క్రీమ్ పాడవకుండా వేసే ప్రిజర్వేటివ్) లేదని పెద్దక్షరాలతో రాసుందని 2014లో ఒక క్రీమ్ కొన్నా. కొన్ని వారాలకి కనురెప్పలు వాచి పొట్టు రాలింది. ఏది పడట్లేదో తేల్చడానికి డాక్టర్ వీపంతా ఒక్కో పదార్థానికి ఒక్కో గడి ఉన్న ప్యాచ్‌లు అంటించి రెండు రోజులు తడపొద్దన్నారు, అవి తీసేసి ఇంకో రెండు రోజులాగి చూస్తే ఒక్క గడి మాత్రం ఎర్రగా దద్దురెక్కి ఉంది. ఆ గడిలో ఉన్నది మిథైల్ఐసోథయాజోలినోన్ అనే ఇంకో ప్రిజర్వేటివ్, ఎంఐ అంటారట. పారాబెన్ తీసి దీన్ని పెట్టారన్నమాట. పరీక్షించకుండా ఎలా వదులుతారు?

లేబుల్‌రాజా: పారాబెన్లు యూరప్‌లో బ్యాన్ కదా, తీయక ఏం చేస్తారు.

పిపెట్‌బాబు: అన్నీ కాదు, 2014లో బ్యాన్ చేసింది ఐదింటినే. మిథైల్, ఇథైల్ ఇప్పటికీ ఒక్కోటి 0.4 శాతం దాకా వాడొచ్చు. 2004లో రొమ్ము కణితుల్లో పారాబెన్లు కనిపించాయని ఒక పేపర్ వచ్చింది, వాటివల్లే కణితి వచ్చిందని అందులో తేల్చలేదు, అయినా జనం హడలిపోయారు. నీళ్లున్న క్రీమ్‌లో ఏదో ఒకటి వేయకపోతే బూజు పడుతుంది, అందుకని ఎంఐ వచ్చింది. కలువరేకు గారూ, యూరప్‌లో ప్రిజర్వేటివ్‌కి ముందస్తు అనుమతి తప్పనిసరి. ఇది కూడా 2005లో 0.01 శాతం వరకూ అనుమతి తీసుకునే వచ్చింది.

లేబుల్‌రాజా: ఐదైనా బ్యాన్ బ్యానే. నేనన్నది తప్పు కాదుగా?

గోడమీదపిల్లి: ఈ గోలంతా ఎందుకు, సహజమైనవి వాడండి.

పిపెట్‌బాబు: సువాసన నూనెల్లోని లినలూల్‌కి గాలి తగిలితే అదీ అలర్జీ తెస్తుంది, అదీ సహజమే. ఏ పదార్థమైనా కొద్దిమందికి పడదండీ.

కలువరేకు: ఆ కొద్దిమందిలో నేనున్నా. ఇప్పటికీ షాంపూ సీసా వెనక చీమల్లాంటి అక్షరాలు ఫోన్‌లో జూమ్ చేసి చదివితే గానీ కొనను. మీ మొహం కాదు కాబట్టి తేలిగ్గా అనేశారు.

పిపెట్‌బాబు: విషం కలిపేవాడితో మాట్లాడినట్టు మాట్లాడకండి. క్రీములు తయారుచేసేది నేనే, నేను చేసిన ప్రతి బ్యాచ్ ముందు నేనే రాసుకుంటా.

కలువరేకు: మీరొక్కరు రాసుకుంటే ఏం తేలుతుంది? ఇలాంటి అలర్జీ మొదటిసారికే రాదు, రాయగా రాయగా వస్తుంది. 2013లోనే అమెరికన్ కాంటాక్ట్ డెర్మటైటిస్ సొసైటీ ఎంఐని ఆ ఏటి అలర్జెన్‌గా, అంటే అలర్జీ తెచ్చే పదార్థంగా ప్రకటించింది. రాసి వదిలేసే క్రీముల్లో యూరప్ దీన్ని ఆపింది 2017లో! మధ్యలో కొన్నవాళ్లం ఎవరి ఖాతాలోకి వస్తాం?

పిపెట్‌బాబు: ఆగండి. మీరడిగేది ముందు పరీక్షా, అనుమానం రాగానే ఆపేయడమా?

కలువరేకు: ఆపేయడమే.

పిపెట్‌బాబు: మొదటి పోస్ట్‌లో అలా లేదే. సరే, అనుమానానికే ఆపితే పారాబెన్ కథే మళ్లీ మొదలవుతుంది. పాతదాన్ని భయంతో తీసి, సరిగ్గా తెలియని కొత్తదాన్ని తెస్తారు.

కలువరేకు: పారాబెన్‌ది ఒక పేపర్ లేపిన భయం. దీనికి డాక్టర్ల దగ్గర కేసులు కుప్పలు పడ్డాయి. రెండూ ఒకటెలా అవుతాయి?

పిపెట్‌బాబు: అది ఒప్పుకుంటా. మరి ఎన్ని కేసులకి ఆపాలి? అంకె చెప్పండి.

కలువరేకు: అంకె నాకు తెలీదు. లెక్కపెట్టేది మాత్రం కంపెనీ కాకూడదు. ఫొటోలతో సహా మెయిల్ పెడితే "దయచేసి వాడకం ఆపండి" అని ఒక్క లైన్ పంపారు, డాక్టర్ రిపోర్ట్ కూడా అడగలేదు.

లేబుల్‌రాజా: ఆ ఐదూ ఏవో ఎవరైనా చెప్తారా?

పిపెట్‌బాబు: ఐసోప్రొపైల్, ఐసోబ్యూటైల్, ఫినైల్, బెంజైల్, పెంటైల్. ఇక వదిలేయండి సార్.