ఒట్టో రేహాగెల్‌ది నిజంగా ‘గోడ కట్టే’ ఫుట్‌బాలేనా?

మిడ్‌ఫీల్డ్‌ప్రేమి:
యూరో (ఐరోపా దేశాల ఫుట్‌బాల్ కప్) గెలిచిన జట్లలో నాకు అస్సలు నచ్చనిది 2004 గ్రీస్. నాకౌట్‌లో ఫ్రాన్స్ మీద 1-0, చెక్ మీద 1-0, ఫైనల్లో పోర్చుగల్ మీద 1-0. మూడు గోల్సూ హెడర్లే. మిగతా టైమంతా పెనాల్టీ బాక్స్ ముందు గుంపుగా నిలబడటమే. ఆ టోర్నీలో అందంగా ఆడింది చెక్ జట్టు. సెమీస్‌లో వాళ్ల స్టార్ నెద్వెద్ గాయపడి బయటికి వెళ్లకపోతే కథ వేరుగా ఉండేది. గ్రీస్ కోచ్ రేహాగెల్ జర్మనీలో ఆడే రోజుల్లో మొరటు డిఫెండర్. కోచ్ అయ్యాక కూడా జీవితమంతా అదే చేశాడు. స్వీపర్ (అందరికన్నా వెనక కాపలా ఉండే డిఫెండర్), మ్యాన్ మార్కింగ్ (ఒక్కో ప్రత్యర్థిని ఒక్కొక్కరు వెంటాడటం) పెద్ద జట్లన్నీ అప్పటికే వదిలేసిన పద్ధతులు. కప్పు వచ్చింది కాబట్టి ఆయన్ను గొప్ప కోచ్ అనాలా?

బ్రెమెన్‌పచ్చజెండా:
‘జీవితమంతా అదే చేశాడు’ అన్నారు, నా అభ్యంతరం అక్కడే. ఆయన కోచ్‌గా గడిపిన కాలంలో పెద్ద భాగం గ్రీస్‌లో కాదు, జర్మన్ క్లబ్ వెర్డర్ బ్రెమెన్‌లో, 1981 నుంచి 1995 దాకా. రెండు బుండెస్‌లీగా (జర్మనీ టాప్ లీగ్) టైటిళ్లు, రెండు జర్మన్ కప్పులు, 1992లో యూరోపియన్ కప్ విన్నర్స్ కప్ అక్కడే వచ్చాయి. ఆ జట్టు ఎలా ఆడేదో చూడండి. 1988లో తూర్పు జర్మనీ ఛాంపియన్ డైనమో బెర్లిన్ చేతిలో 0-3తో ఓడి, సొంత గ్రౌండ్‌లో 5-0తో తిరగబడింది. మరుసటి ఏడాది మారడోనా క్లబ్ నపోలీకి 5 గోల్స్ కొట్టింది. 1993 డిసెంబర్లో బెల్జియం క్లబ్ ఆండర్లెక్ట్ మీద రెండో సగంలో చాలాసేపు 0-3తో వెనకబడి ఉండి 5-3తో గెలిచింది. గోడ కట్టుకుని కూర్చునే కోచ్ జట్టుకు ఇలాంటి రాత్రులు ఉంటాయా? రూడీ ఫోలర్ బుండెస్‌లీగాలో టాప్ స్కోరర్ అయింది కూడా ఆయన దగ్గరే.

1988లో టైటిల్ గెలిచినప్పుడు 34 మ్యాచ్‌ల్లో 22 గోల్సే ఇచ్చారన్నది నిజం. డిఫెన్స్ గట్టిగా ఉండాలనేవారు. అంతమాత్రాన అటాక్ వద్దనలేదు.

ఆ తర్వాత కైజర్స్‌లౌటర్న్ అనే చిన్న ఊరి క్లబ్. 1997లో రెండో డివిజన్ నుంచి పైకి వచ్చారు, 1998లో ఛాంపియన్లు. అలా పైకి వచ్చిన వెంటనే బుండెస్‌లీగా గెలిచిన జట్టు అదొక్కటే. తొలి మ్యాచే మ్యూనిక్‌లో, ఏడాది పైచిలుకు క్రితం తనను తీసేసిన బయర్న్ మ్యూనిక్ క్లబ్ మీద, 1-0. నాకు ఇప్పటికీ అది తలుచుకుంటే ఒళ్లు పులకరిస్తుంది. ఆ సీజన్లో 63 గోల్స్ కొట్టారు, ఒక్క ఒలాఫ్ మార్షలే 21.

మరి గ్రీస్‌లో ఎందుకు అలా ఆడించారు? చేతిలో ఉన్నది చూసి ఆడించారు. 1994 ప్రపంచకప్‌లో గ్రీస్ మూడు మ్యాచ్‌లూ ఓడింది, ఒక్క గోల్ కొట్టలేదు, 10 ఇచ్చుకుంది. 2001లో ఈయన వచ్చాక తొలి మ్యాచ్‌లో ఫిన్‌లాండ్ 5-1తో కొట్టింది. యూరో క్వాలిఫయర్స్‌లో మొదటి రెండూ ఓడారు. తర్వాత వరుసగా ఆరు గెలిచి, స్పెయిన్‌ను రెండో స్థానానికి నెట్టారు. స్పెయిన్‌ను స్పెయిన్‌లోనే ఓడించారు. ఫైనల్లో గోల్ కొట్టిన కరిస్తెయాస్‌కు అప్పుడు క్లబ్ జట్టులో పక్కా చోటే లేదు. అలాంటి ఆటగాళ్లను ఫిగో, డెకో ఉన్న జట్టు మీదికి ‘అందంగా ఆడండి’ అని పంపితే ఏమయ్యేది?

రాత్రిమ్యాచ్:
ఫైనల్ మనకు అర్ధరాత్రి దాటాక 12:15కి మొదలైంది. నిద్ర ఆపుకుని చూశాను. నాకు నిజంగా బోర్ కొట్టింది. 19 ఏళ్ల రొనాల్డో ఏడుస్తుంటే బాధేసింది. పోర్చుగల్ బంతిని పక్కల నుంచి పైకి లేపుతూనే ఉంది, గ్రీస్‌కు కావల్సిందీ అదే. పొడుగు సెంటర్ బ్యాక్‌లు తలతో బయటికి కొట్టేస్తూనే ఉన్నారు. తెలివైన ప్లానే, ఒప్పుకుంటాను. కానీ నేను ఆట చూసేది ఆనందం కోసం.

బ్రెమెన్‌పచ్చజెండా:
ఫైనల్ ఒక్కటే కాకుండా ప్రారంభ మ్యాచ్ కూడా గుర్తు తెచ్చుకోండి. అదే పోర్చుగల్, వాళ్ల దేశంలోనే. ఏడో నిమిషంలో బంతి లాక్కుని దూరం నుంచి కొట్టి కరాగూనిస్ గోల్ చేశాడు. రెండో గోల్ పెనాల్టీ. రొనాల్డో ఫౌల్ చేసింది ఎవరిని? సైటారిడిస్‌ని, అంటే రైట్ బ్యాక్‌ని (కుడివైపు డిఫెండర్‌ని). వెనక కూర్చున్న జట్టు రైట్ బ్యాక్ అవతలి బాక్స్‌లో ఏం చేస్తున్నట్టు? ఫ్రాన్స్ మీద గోల్ కూడా చూడండి. జగొరాకిస్ కుడివైపు బంతిని ఫ్రాన్స్ డిఫెండర్ లిజరాజు మీదుగా లేపి, దాటుకుని వెళ్లి క్రాస్ ఇచ్చాడు. ఆ టోర్నీలో అంతకన్నా అందమైన కదలిక నేను ఎక్కువ చూడలేదు.

ఆఫ్‌సైడ్‌ట్రాప్:
మీరిద్దరూ డిఫెన్సా అటాకా అని తగువు పడుతున్నారు. నా ప్రశ్న వేరు. క్లిన్స్‌మన్, మథయస్, పపాన్ లాంటి స్టార్లు ఉన్న బయర్న్‌తో ఆయన ఒక సీజన్ కూడా పూర్తి చేయలేకపోయాడు. 1996 ఏప్రిల్లో తీసేస్తే, బెకెన్‌బవర్ కోచ్‌గా వచ్చి కొన్ని వారాల్లోనే యూఫా కప్ (ఐరోపా క్లబ్‌ల కప్పుల్లో ఒకటి) అందుకున్నాడు. గ్రీస్ 2006 ప్రపంచకప్‌కు అర్హత సాధించలేదు. 2008 యూరోలో మూడూ ఓడింది, కొట్టింది ఒక్క గోల్. పెద్ద ఆటగాళ్లు దొరికినా, తన జట్టే ఛాంపియన్ హోదాలో దిగినా ఈయన దగ్గర రెండో ఆలోచన లేదు.

బ్రెమెన్‌పచ్చజెండా:
బయర్న్ సంగతి సరే. బ్రెమెన్‌లో ఆయన మాటే చెల్లేది. బయర్న్‌లో బెకెన్‌బవర్, హూనెస్, రుమెనిగె లాంటి పాత స్టార్లే పై స్థానాల్లో కూర్చున్నారు. అక్కడ ఆయన పద్ధతి నడవలేదు, దాన్ని నేను దాచను. 2008 విషయంలోనూ మీ మాటలో నిజముంది, కప్పు తెచ్చిన కుర్రాళ్ల మీద నమ్మకం ఎక్కువకాలం పెట్టుకున్నారు. కానీ ‘పెద్ద ఆటగాళ్లతో చేతకాలేదు’ అన్న ఒక్క కారణానికి, చిన్న ఊరి జట్టుతో బుండెస్‌లీగా, ప్రపంచకప్‌లో అప్పటికి గోల్ కూడా కొట్టని దేశంతో యూరో గెలవడాన్ని తక్కువ చేయడం నాకు అన్యాయంగా అనిపిస్తుంది. గ్రీస్‌కు ప్రపంచకప్‌లో తొలి గోల్స్, తొలి గెలుపు కూడా 2010లో నైజీరియా మీద ఆయన కోచ్‌గా ఉండగానే వచ్చాయి.

మిడ్‌ఫీల్డ్‌ప్రేమి:
ఆండర్లెక్ట్ మ్యాచ్ ఈ వారాంతం చూస్తాను. నిజంగా మీరు చెప్పినట్టే ఉంటే ‘జీవితమంతా’ అన్న మాట తీసేస్తాను. 2004 మీద మాత్రం నా అభిప్రాయం మారదు. ఆ కప్పు చెక్ జట్టుదే కావాల్సింది.

బ్రెమెన్‌పచ్చజెండా:
చూడండి, తప్పకుండా. మధ్యలో ఆపేయకండి, చివరి పాతిక నిమిషాలే అసలు మ్యాచ్. ఇక చెక్ జట్టు గురించి: నెద్వెద్ వెళ్లాక కూడా వాళ్లకు గంటకు పైగా టైమ్ దొరికింది. ఒక్క గోల్ అయినా ఎందుకు రాలేదో మీరే చెప్పండి.